‘తప్ప’ యను మాట

ఒక దేశము మఱియొక దేశమునుండి విడివడి తనకు తానే ప్రభువునని చాటుకొనునపుడు మొట్టమొదట వ్రాసికొను గ్రంథము రాజ్యాంగము. అట్టి గ్రంథములను చదువువారు సాధారణముగా హక్కుల ప్రకటనమును చదివి తృప్తి పొందుదురు. మనుష్యులు సమానులనియు, అధికారము ప్రజలదనియు, మనస్సాక్షికి సంకెల వేయరాదనియు గంభీరములైన వాక్యములు అచ్చటనే కనబడును. అవి చదివి హృదయము పొంగగా పుస్తకము మూసివేయువారే పెక్కుండ్రు. అట్లు చదువువారిని మేము నిందింపము. కాని అంతమాత్రము చదివి స్తోత్రవ్యాసములు వ్రాయువారును, ఆ స్తోత్రమునకు ఎవరేని అడ్డువచ్చినచో “వీరు కాలధర్మ మెఱుగనివారు” అని కసరువారును ఉన్నారు. వారితో కొంత వాదింపవలసి యున్నది.

మా కిచ్చట ఉదాహరణము టెక్ససు రాజ్యాంగము. ఈ పేరు ఇప్పుడు తెలుగు గృహములలో కాశీ రామేశ్వరముల పేళ్లంత పరిచితము. డాలసు, హ్యూస్టను, ఆస్టిను నగరములలో కొడుకో కూతురో కోడలో అల్లుడో కాపురము చేయని యిల్లు మన పట్టణములలో ఏ వీధిలోనైనను లెక్కపెట్టదగినంతయే. మనుమలు అచ్చటి బడులలో చదువుకొనుచు, టెక్ససు ఒకప్పుడు ఎవరికిని లోబడని స్వతంత్రరాజ్యముగా నుండెననియు, మార్చి 2వ తేది దాని స్వాతంత్ర్యదినమనియు టెలిఫోనులో తాతకు, అమ్మమ్మకు చెప్పుచున్నారు. పిల్లలు చెప్పునది అబద్ధము కాదు. కాని ఆ స్వాతంత్ర్యము ఎవరిదని పిల్ల లడుగకున్నను పెద్ద లడుగవలయును గదా!

చరిత్రమును సంగ్రహముగా చెప్పెదము. టెక్ససు మెక్సికో రాజ్యమున కొవహూయిలాతో కూడి యొక రాష్ట్రముగా నుండెను. బీడుభూములకు జనమును రప్పింపగోరి మెక్సికో ప్రభుత్వము 1820ల దశకమున అమెరికా సంయుక్తరాష్ట్రములవారికి అచ్చట భూములిచ్చి కాపురము పెట్టించెను. వచ్చినవారిలో పెక్కుండ్రు దక్షిణరాష్ట్రములవారు, ప్రత్తిసేద్యము నెఱిగినవారు, ఆ సేద్యమునకై బానిసలను వెంట దెచ్చుకొన్నవారు. 1824 నాటి మెక్సికో రాజ్యాంగము రాష్ట్రములకు స్వపరిపాలన మొసగియుండెను. 1835లో శాంటా ఆనా పక్షమువారు దానిని కూలద్రోసి అధికారమునంతయు రాజధానికి లాగికొనిరి. ఎదురుతిరిగిన రాష్ట్రములలో సకటేకాసును శాంటా ఆనా ఆ యేటి మే నెలలోనే సైన్యముతో అణగద్రొక్కెను. టెక్ససు రెండవది. స్వపరిపాలనము పోయెననుట నిజము. సైన్యము మీదికి వచ్చుచుండెననుట నిజము. వారి ఫిర్యాదు లన్నియు కల్పితములని మేమనము.

1836వ సంవత్సరము మార్చి 1వ తేదిని బ్రాజోసు నదియొడ్డున వాషింగ్టను అను చిన్న యూరిలో ప్రతినిధుల సభ కూడెను. కట్టుట ముగియని కొయ్యయిల్లు. కిటికీలకు తలుపులు లేక గుడ్డలు కట్టిరి. ఎముకలు కొఱుకు ఉత్తరపు చలిగాలి. ప్రతినిధులు 59 మంది. టెక్ససులోనే పుట్టినవారు వారిలో ఇద్దఱే: హోసే ఆంటోనియో నవారో, ఆయన మేనమామ హోసే ఫ్రాన్సిస్కో రూయిసు. యుకటాను వాడగు లొరెంజో దె సవాలా మఱియొక మెక్సికనుడు. 1824 నాటి రాజ్యాంగమును నిర్మించినవారిలో ఆయనయు ఒకడు. సభ కూడిన మఱునాడే స్వాతంత్ర్యప్రకటనము ఆమోదింపబడినది. అందు జూరీ విచారణము లేదని యున్నది. ప్రజలకు చదువు చెప్పించు ఏర్పాటు లేదని యున్నది. మతస్వాతంత్ర్యము లేదని యున్నది. బానిసత్వమను మాట మాత్రము లేదు. ఇది గుర్తుంచుకొనవలయును.

6వ తేదిని ఆలమో కోట పడిపోయెను. ఆ వార్త సభకు చేరుసరికి 15వ తేది. 16వ తేది నడిరాత్రి దాటినపిదప రాజ్యాంగమును ముగించి, కొత్త ప్రభుత్వమువారు ఊరు విడిచి పాఱిపోయిరి. ఏప్రిలు 21వ తేదిని సాన్ హసింటో యొద్ద శామ్ హ్యూస్టను శాంటా ఆనాను ఓడించి చెఱపట్టెను. సెప్టెంబరులో వోటర్లు రాజ్యాంగమును ఆమోదించిరి.

అందలి హక్కుల ప్రకటనమున 17 అంశములున్నవి. సమాజముగా కూడుకొనిన మనుష్యులందఱికిని సమానములైన హక్కులు గలవని మొదటి యంశము. తరువాత వాక్స్వాతంత్ర్యము, పత్రికాస్వాతంత్ర్యము. కారణము లేక యిల్లు సోదా చేయరాదు. జూరీ లేక శిక్షింపరాదు. అప్పు తీర్చజాలని నిరుపేదను చెఱసాలలో వేయరాదు. ఆస్తి యంతయు జ్యేష్ఠునికే చెందు పద్ధతి ఎన్నటికిని చెల్లదు. ఋణగ్రస్తుని చెఱనుండి తప్పించు వాక్యమును చదివినపుడు మాకును సంతోషమే కలిగినది. సాహుకారు దావా వేయగా సివిలు జైలుకు పోయిన రైతులను గూర్చి విన్నవారి కెవరికి కలుగదు?

ఇక వెనుకపుటలకు పోదము. అచ్చట ‘సాధారణ నిబంధనలు’ అను శీర్షికక్రింద 6, 9, 10 సంఖ్యల నిబంధనలున్నవి. ముందు పదియవదానిని చూతము. స్వాతంత్ర్యప్రకటన దినమున టెక్ససులో నివసించుచున్న వారందఱును పౌరులే. ‘అందఱును’ అను మాటను వెన్నంటి కుండలీకరణములలో, గడపప్రక్క తేలువలె, ఒక చిన్న వాక్యము: ఆఫ్రికనులును, ఆఫ్రికనుల సంతతివారును, ఇండియనులును తప్ప. (ఇండియనులనగా ఇచ్చట మనము కాము, త్రోవ తప్పిన కొలంబసు పెట్టిన పేరును మోయుచున్న ఆ గడ్డయొక్క ఆదిమవాసులు.)

మేము వ్యాకరణము చెప్పుకొని బ్రతుకువారము. సామాన్యసూత్రమునకును అపవాదసూత్రమునకును పోటీ వచ్చినచోట అపవాదమే బలవత్తరమని మా విద్యార్థి కెవనికైనను తెలియును. కనుక 17 అంశముల హక్కుల ప్రకటనము సామాన్యము. కుండలీకరణములలోని పంక్తి అపవాదము. ప్రకటనము ఎంత విశాలమైనను, అపవాదము తాకినచోట దానికి ప్రవేశము లేదు. మీమాంసకులకు ఇంతకంటె దగ్గఱి దృష్టాంతము కలదు. స్వర్గము కోరువాడు యజ్ఞము చేయవలెనని విధి. స్వర్గమును కోరని మనుష్యుడెవడు? కాబట్టి యజ్ఞమున కధికారి ఎవడు అను ప్రశ్న జైమిని సూత్రముల ఆఱవ అధ్యాయములో వచ్చినది. బాదరి యను ఆచార్యుడు అందఱికిని అధికారము కలదనెను. సిద్ధాంతము మాత్రము మొదటి మూడు వర్ణములకే యని తేలినది. ‘కోరువాడు’ అను విశాలమైన పదము చెక్కుచెదరక అట్లే నిలిచినది. శూద్రుడు యాగశాల వెలుపల నిలిచినాడు. పదమును సంకోచింపజేయ నక్కఱలేకయే మనుష్యుని తొలగించు విద్య మనవారికి క్రొత్తది కాదు. కనుకనే టెక్ససువారి కుండలీకరణము మన కంట వెంటనే పడవలయును. పడకుండుట మాకు ఆశ్చర్యము.

తొమ్మిదవ నిబంధన ఇంకను నిర్మొగమాటముగా మాటలాడును. టెక్ససునకు రాకముందు యావజ్జీవ బానిసలై యుండి ఇప్పుడును దాస్యమున నున్న వర్ణజాతులవారు ఆ దాస్యముననే యుండవలయును. సంయుక్తరాష్ట్రములనుండి వచ్చువారు తమ బానిసలను తెచ్చుకొనకుండ కాంగ్రెసు ఏ శాసనమును చేయరాదు. బానిసలను విడిపించుటకు కాంగ్రెసునకు అధికారము లేదు. యజమాని సయితము తన బానిసను కాంగ్రెసు అనుమతి లేక విడిపింపరాదు. విడిపించినచో దేశపు పొలిమేర దాటించి పంపివేయవలయును. ఆఫ్రికా రక్తము పూర్తిగానే గాని కొంతగానే గాని యున్న స్వతంత్రుడెవడును కాంగ్రెసు అనుమతి లేక ఆ దేశమున శాశ్వతముగా నివసింపరాదు. సంయుక్తరాష్ట్రములనుండి తప్ప మఱెచ్చటనుండియు నీగ్రోలను దిగుమతి చేయరాదు. అది సముద్రపు దోపిడితో సమానము. ఈ కడపటి వాక్యమును చూపి వారి దయాగుణమును పొగడినవారు లేకపోలేదు. ఒక్క అంగడి యుండగా రెండవ అంగడిని మూయించుట దయ యగునేని వారు దయామయులే.

పాఠకులు యజమానిని గూర్చిన వాక్యమును మఱల చదువవలెనని మా ప్రార్థన. బానిసత్వమును సమర్థించువారు ఎల్లప్పుడును చెప్పు మాట ఆస్తిహక్కు: ‘మేము వెలయిచ్చి కొన్నాము, మా సొత్తును మా యొద్దనుండి లాగికొనుట అన్యాయము’ అని. కెంటకీ మొదలగు కొన్ని రాష్ట్రముల రాజ్యాంగములలో, యజమాని సమ్మతి లేనిదే శాసనసభ బానిసలను విడిపింపరాదని యుండెను. అది క్రూరమే యైనను ఆస్తిహక్కు తర్కమునకు కట్టుబడినది. టెక్ససువారు అంతటితో నిలువలేదు. యజమానికే దయగలిగి, తన సొత్తును తానే వదలుకొందునన్నను వలను పడదనిరి. తన యెద్దును తాను విడిచిపెట్టుకొనుటకు ఏ రాజు అనుమతియు కోరనక్కఱలేని మనుష్యుడు, తన బానిసను విడుచుటకు కాంగ్రెసును యాచింపవలయును! ఇందు కాపాడబడినది ఆస్తి యెట్లగును? నల్లనివాడు స్వతంత్రుడుగా వీథిలో నడచుట కంటబడరాదను కోరిక మాత్రమే కాపాడబడినది. మనలోను తమ భూమిని, ధనమును ఇష్టము వచ్చినట్లు దానము చేయువాడు, అంటరానివానిని అరుగుమీద కూర్చుండబెట్టినచో కులమువారు వెలివేసిన దినములుండెను. అరుగు అతనిది, అనుమతి ఊరిది.

ఈ నిబంధన కాగితముమీదనే నిలిచిపోలేదు. గ్రీన్‌బెరీ లోగను అను స్వతంత్రుడైన నల్లజాతి కమ్మరి 1831లో టెక్ససు వచ్చెను. 1835 డిసెంబరులో శాన్ అంటోనియోను ముట్టడించినవారిలో అతడొకడు, అచ్చట గాయపడెను. సామ్యూలు మెకల్లక్ అను మఱియొక స్వతంత్రుడు ఆ యేటి అక్టోబరులోనే గోలియదు కోటయొద్ద గుండుదెబ్బ తినెను. ఆ తిరుగుబాటున మొదట నెత్తురు చిందినది అతనిదే యందురు. స్వాతంత్ర్యము వచ్చినపిదప ఈ యిద్దఱి స్థితి యేమి? తాము నెత్తురోడ్చి సంపాదించిన దేశములో కాపురముండుటకు అర్జీ పెట్టుకొనవలసి వచ్చినది. లోగను 1837లో పెట్టుకొనిన అర్జీపై పలువురు శ్వేతజాతీయులు చేవ్రాలు చేసిరి. అర్జీ పెట్టి వేడుకొన వలసినది హక్కు కాదని వేఱుగా చెప్పవలయునా? 1840 ఫిబ్రవరిలో మఱియొక శాసనము వచ్చినది: స్వతంత్రులైన నల్లవారందఱును 1842 జనవరి 1వ తేదికి ముందు దేశము విడిచి పోవలయును, పోనివారిని బానిసలుగా అమ్మివేయుదురు. ఆ డిసెంబరులో స్వాతంత్ర్యప్రకటనమునకు ముందునుండి యున్నవారికి మినహాయింపు కలిగినది; తక్కినవారి విషయమున హ్యూస్టను అధ్యక్షుడై అమలు వాయిదా వేసెను. వాయిదాల మీద బ్రతుకునకు స్వాతంత్ర్యమని పేరు!

ఇప్పుడు స్తుతిపాఠకుల సమాధానములను విందము. అందు మొదటిది కాలధర్మము. ‘వారు వారి కాలపు మనుష్యులు, 1836 నాటి వారిని నేటి తూనికతో తూచరాదు’ అందురు. మంచిది, నేటి తూనిక వలదు. 1836 నాటి తూనికనే తెత్తము. వారు విడిపోయిన మెక్సికోయే ముందు సాక్షి. కొవహూయిలా టెక్ససుల 1827 నాటి రాష్ట్రరాజ్యాంగము, ఇకమీద ఎవరును బానిసలై పుట్టరనియు, ఆఱు నెలలు దాటినపిదప బానిసలను తీసికొనిరారాదనియు శాసించినది. టెక్ససువారు దానికి ఉపాయము పన్నిరి: ఎల్ల దాటకముందే బానిసచేత కూలియొడంబడిక వ్రాయించి, బానిసకు ‘ఒడంబడిక కూలి’ అని పేరు మార్చి తెచ్చిరి. ఒడంబడిక కాలము 99 ఏండ్లవఱకును! 1829 సెప్టెంబరులో అధ్యక్షుడు గెర్రేరో మెక్సికో అంతట బానిసత్వమును రద్దుచేసెను. గెర్రేరో వంశమున ఆఫ్రికా రక్తము కలదు. టెక్ససువారు గోల పెట్టగా ఆ డిసెంబరులో వారికి మినహాయింపు దొరకినది. బ్రిటిషు పార్లమెంటు 1833లో తన వలసలలో బానిసత్వమును తీసివేయు శాసనము చేసినది. (మన దేశమునేలుచుండిన కంపెనీవారి రాజ్యమును ఆ శాసనమునుండి తప్పించిరి, మనకది 1843 దాక రాలేదు. మినహాయింపు కథ అచ్చటను ఉన్నది.)

కనుక వాషింగ్టను గ్రామమున కూడినవారికి బానిసత్వము అధర్మమని చెప్పువారు లేకపోలేదు. తాము విడిపోవుచున్న ప్రభుత్వమే ఆ మాట చెప్పుచుండెను. విడిపోవుటకు గల కారణములలో అదియు ఒకటి. స్వాతంత్ర్యప్రకటనమున దానిని దాచిరి. రాజ్యాంగమున దానిని స్థాపించిరి. కాలధర్మమనగా కాలమంతయు ఒక్క గొంతుతో పలికిన మాట యని భావింపరాదు. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము చేయించిననాడు రాళ్లు పట్టుకొని వచ్చినవారు ఆ కాలపువారే. పంతులుగారును ఆ కాలపువారే. ఒక కాలమున పుట్టిన ఇరుపక్షములలో ఒక పక్షమునకే కాలమను బిరుదము నిచ్చుట యేమి న్యాయము? తెలుగున కాలధర్మము చెందుట యనగా చనిపోవుట యని కూడ అర్థము గలదు. ఈ వాదమునకు ఆ యర్థము చక్కగా పొసగును.

రెండవ సాక్షి హెయిటి. ఫ్రెంచివారినుండి విడివడి 1804 జనవరి 1వ తేదిని స్వతంత్రమైన ఆ ద్వీపమును తిరుగుబాటుచేసిన బానిసలు స్థాపించిరి. 1805 నాటి వారి రాజ్యాంగము బానిసత్వమును ఎన్నటికిని లేకుండ చేసినది. 1816 నాటి రాజ్యాంగమున 44వ నిబంధన చదువుడు: ఆఫ్రికనులును, ఇండియనులును, వారి రక్తమున పుట్టినవారును ఎచ్చటనుండి వచ్చి ఆ రిపబ్లికులో నివసించినను హెయిటీయులుగా గుర్తింపబడుదురు, ఒక సంవత్సరము నివసించినపిదప పౌరహక్కులు పొందుదురు. ఆఫ్రికనులు, వారి సంతతి, ఇండియనులు. టెక్ససువారు కుండలీకరణములలో పెట్టి బయటికి నెట్టిన మూడు పేళ్లును ఇరువది యేండ్లకు ముందే ఒక విడివడిన రిపబ్లికు వాకిట నిలిచి లోనికి పిలిచినది. అవే పేళ్లు, అర్థము తలక్రిందు. ఆ రాజ్యాంగము నిర్దోషమని మేము చెప్పము. శ్వేతజాతీయుడు అచ్చట యజమానిగా గాని భూస్వామిగా గాని అడుగుపెట్టరాదనుట అందున్నది. ఆ నిషేధమునకు వెనుక శతాబ్దముల కొరడాదెబ్బలున్నను అదియు ఒక మినహాయింపే. కాని 1816లో ఆ తలపు మనుష్యబుద్ధికి అందరానిది కాదని రుజువగుటకు 44వ నిబంధన చాలును. ఇక లోకము ఈ రెండింటి నెట్లు చూచినదో వినుడు. టెక్ససును సంయుక్తరాష్ట్రములు 1837 మార్చిలో, సరిగా సంవత్సరమునకు, గుర్తించినవి. హెయిటిని గుర్తించుటకు 1862 దాక, అనగా 58 ఏండ్లు, ఆగినవి. ఫ్రాన్సు 1825లో గుర్తించుటకు 15 కోట్ల ఫ్రాంకుల పరిహారమును కోరినది.

రెండవ సమాధానము తొందర. ‘శత్రుసైన్యము మీదికి వచ్చుచుండగా రెండున్నర వారములలో వ్రాసిన కాగితమది, సంయుక్తరాష్ట్రముల రాజ్యాంగమును చూచి వ్రాసికొనిరి, తీరికయున్నచో చక్కదిద్దెడివారు’ అందురు. చూచి వ్రాసినచోట చూచి వ్రాసినదే యున్నది. కాని తొమ్మిదవ నిబంధన సంయుక్తరాష్ట్రముల రాజ్యాంగమున లేదు. 1787లో దానిని వ్రాసినవారు బానిసత్వమును ఒప్పుకొనియు ‘బానిస’ యను మాటను వ్రాయుటకు సిగ్గుపడి చుట్టుమాటలతో కప్పిరి. టెక్ససువారు ఆ సిగ్గును విడిచిరి. ఇల్లు అంటుకొనినపుడు గృహస్థుడు చేతికందిన వస్తువులను విసరివేయును గాని, కొన్నింటిని వెదకి తెచ్చుకొనును. అట్లు తెచ్చుకొనునవి అతనికి ప్రాణము. ఆలమో పడిన వార్త విని గుండె లదరుచుండగా, అధ్యక్షుడు మొదటిసారి రెండేండ్లును పిదప మూడేండ్లును ఉండవలెననుట మొదలైన విషయములకు తీరిక దొరకినట్లే, కొంత ఆఫ్రికా రక్తమున్నవానిని ఏమిచేయవలెనను విషయమునకును వారికి తీరిక దొరకినది. తొందరలో మఱచిన మాటలకు క్షమాపణ చెల్లును. తొందరలోను మఱవని మాటలకు చెల్లదు.

పదియవ నిబంధనలో భూమి యున్నది, దానిని విడువరాదు. పౌరుడైన కుటుంబయజమానికి ఒక లీగును ఒక లేబరును, అనగా సుమారు 4,605 ఎకరములు. 17 ఏండ్లు నిండిన ఒంటరివానికి లీగున మూడవవంతు, సుమారు 1,476 ఎకరములు. మన గుంటూరు మండలమునో కరీంనగరు మండలమునో ఐదెకరముల రైతు ఈ అంకెను విని మూర్ఛపోవును. పౌరుడెవడు అను నిర్వచనము కేవలము గౌరవమును గూర్చినది కాదు. భూమి యెవనికి అనుటయే దాని వ్యవహారార్థము. ఆ యెకరము లెవరివి? సభ కూడుటకు ఒక్క వారము ముందు, ఫిబ్రవరి 23వ తేదిని, హ్యూస్టను, జాన్ ఫోర్బ్సు అను ఇద్దఱు టెక్ససు తాత్కాలిక ప్రభుత్వము పక్షమున చెరోకీలతోడను వారి మిత్రజాతులతోడను సంధి చేసి, తూర్పు టెక్ససులో వారి భూమి వారిదేయని వ్రాసియిచ్చిరి. యుద్ధకాలమున వారు శత్రువుతో కలియకుండుటకై యిచ్చిన మాట అది. యుద్ధము గెలిచినపిదప 1837 డిసెంబరులో టెక్ససు సెనేటు ఆ సంధి చెల్లదనెను. 1839 జూలైలో లమారు అధ్యక్షుడై సైన్యమును పంపెను, నెచెసు నదియొద్ద వృద్ధుడైన చెరోకీ నాయకుడు బోల్సు చంపబడెను, మిగిలినవారు తఱుమబడిరి. పౌరులు కానివారితో చేసిన సంధిని తప్పినచో ఏ న్యాయస్థానము విచారించును?

మెక్సికను సంతతివారిని కాగితము బయట నెట్టలేదు. అయినను సాన్ హసింటోలో పోరాడి, రిపబ్లికు సెనేటులో కూర్చుండి, శాన్ అంటోనియోకు మేయరైన హువాన్ సెగీను 1842లో ప్రాణభీతితో మెక్సికోకు పోవలసివచ్చెను. ఒకసారి మినహాయింపునకు అలవాటుపడిన చేయి కాగితమున లేని పేళ్లను కూడ కొట్టివేయుచుండును. స్త్రీలకు వోటు లేదు; వారికి మఱి 84 ఏండ్లు పట్టినది.

ఆఱవ నిబంధన మన తెలుగు గృహములవారు ప్రత్యేకముగా చదువదగినది. దేశాంతరమునుండి వచ్చి ఆఱునెలలు నివసించి ప్రమాణము చేసినవారికి పౌరసత్వము దొరకును. ఎవరికనగా ‘స్వతంత్రులైన శ్వేతజాతీయులకు’. ఈ మాట సంయుక్తరాష్ట్రముల 1790 నాటి శాసనమునుండి వచ్చినది. ఆ మాటనే పట్టుకొని 1923లో అచ్చటి సుప్రీముకోర్టు భగత్ సింగ్ థిండు అను పంజాబీ సైనికుడు శ్వేతజాతీయుడు కాడని, పౌరుడు కాజాలడని తీర్పు చెప్పెను. మనవారికి ఆ తలుపు 1946లో తెఱచుకొన్నది. నేడు ఆస్టినులో ఇల్లు కొనుక్కొని గృహప్రవేశము చేసికొను మన యింజనీరు ఆ ఫలము ననుభవించుచున్నాడు. దానిని సంపాదించినవారు, ‘తప్ప’ యను మాట క్రింద నలిగి దానిని తొలగించుటకై పోరాడినవారు. అట్టివాడు నల్లవారిని గూర్చి మన యింటి వసారాలో తేలికగా మాటలాడుట మేము పలుమాఱు వింటిమి. అతడు పుస్తకమును ముందు పుటలవఱకే చదివినాడు.

‘ఇదంతయు చచ్చిన కాగితము గదా, 1845 డిసెంబరులో టెక్ససు సంయుక్తరాష్ట్రములలో కలిసినతోడనే ఆ రాజ్యాంగము చెల్లిపోయెను గదా’ అని కడపటి సమాధానము. కాగితము చెల్లినది, దాని పని చెల్లలేదు. 1836లో సుమారు 5,000 మందిగా నుండిన బానిసలు 1860 జనసంఖ్యలో 1,82,566 మంది. టెక్ససు జనములో పదింట మూడువంతులు. తొమ్మిదవ నిబంధన తెఱచియుంచిన ద్వారముగుండ వచ్చినవారును, వారి బిడ్డలును వీరు. గాల్వెస్టను రేవున గ్రాంజరు సేనాని విముక్తియుత్తరువును చదివించినది 1865 జూను 19వ తేదిని.

1845లో క్రొత్త రాజ్యాంగము వ్రాయుటకు కూడిన సభలో టెక్ససున పుట్టిన మెక్సికను సంతతివాడు నవారో ఒక్కడే. వోటర్ల నిర్వచనములో ‘శ్వేతజాతీయులు’ అను మాట పెట్టరాదని ఆయన వాదించెను. ఆ మాట పెట్టలేదు. ఆఫ్రికనులును వారి సంతతివారును తప్ప యనునది మాత్రము నిలిచియే యుండెను. మొదటి హక్కులోని ‘మనుష్యులందఱు’ అను మాట అప్పుడే ‘స్వతంత్రులైన మనుష్యులందఱు’ అయినది. కుండలీకరణము చేసిన పనిని ఇకమీదట విశేషణమే చేయునని కాబోలు. 1876 నాటి రాజ్యాంగమే, ఎన్నో సవరణలతో, నేటికిని టెక్ససులో అమలున నున్నది. దాని మొదటి ప్రకరణమున మూడవ నిబంధనగా ఆ వాక్యము ఆ విశేషణముతోనే కనబడును. దాని ప్రక్కనే 1972లో వోటర్లు ఆమోదించి చేర్చిన నిబంధన యొకటి కలదు: స్త్రీపురుషభేదమునుబట్టి గాని, జాతినిబట్టి గాని, వర్ణమునుబట్టి గాని, మతమునుబట్టి గాని, పుట్టిన దేశమునుబట్టి గాని ఎవరికిని శాసనముక్రింద సమానత్వమును నిరాకరింపరాదని.